ఎడమ కాలికి పని

రెండూ ఒకే ఎరుపు.
ఒకే కంపెనీ, ఒకే ఏడాది,
తలుపు మీద గీత కూడా దాదాపు ఒకేచోట.
ఒకదానికి మూడు పెడళ్ళు, ఒకదానికి రెండు.
యెసెనిత్సే ఉక్కు ఫ్యాక్టరీ గోడవతల, నా షెడ్డులో
ఒకే ఈతలో పుట్టిన దూడల్లా
పక్కపక్కన నిలబెట్టాను.

యెర్నేయా మంగళవారం వచ్చింది, వానలో.
అరవై రెండేళ్ళు. చర్చిలో ముప్ఫై మూడేళ్ళు ఆర్గన్ వాయించి మానేసింది.
ఎడమ మోకాలికి నిరుడు ఆపరేషన్.
గొడుగు ముడుస్తూ "స్పోర్ట్స్ కారు కావాలి" అంది,
రొట్టె అడిగినంత మామూలుగా.

తెలిసిందంతా చెప్పాను.
ఆటోమేటిక్ రెప్పపాటులో గేరు మారుస్తుంది,
రెప్ప కూడా సగమే పడుతుంది.
మన చెయ్యి ఆపాటికింకా మారుద్దామా వద్దా అంటుంటుంది.
ఎత్తులో వెనక్కి జారదు, రద్దీలో విసిగించదు,
అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే.
(ధర తొమ్మిది వందల యూరోలు ఎక్కువ.
అది కాస్త మెల్లగా చెప్పాను.)

"మరి ఎడమ కాలు ఏం చేస్తుంది?"

ఏమీ చెయ్యదు. ఆనించుకోడానికి చిన్న మెట్టుంది, చూడండి.

ఎవరూ రాని విందులో ఖాళీ కుర్చీని చూసినట్టు
ఆ మెట్టుకేసి చూసింది.
"ఆర్గన్ అంటే అందరూ వేళ్ళనే చూస్తారు.
చర్చి నేల అదిరేది ఎడమ కాలితో.
మంద్రమంతా దాని చేతిలో ఉంటుంది" అని,
కాలికి చెయ్యేమిటని తనే నవ్వింది.

గురువారం వర్షిచ్ కనుమకి తీసుకెళ్ళాను.
మలుపుకొక అంకె, మలుపులో రాళ్ళు పరిచిన దారి,
తడిసి చేపవీపులా నల్లగా.
ముందు ఆటోమేటిక్.
బండి తనంతట తనే మూడుకి దిగి, రెండుకి దిగి, మళ్ళీ లేచి,
అడక్కుండానే అన్నీ అమర్చిపెట్టింది.
ఆమెకు తీరిక దొరికింది.
పన్నెండో మలుపులో అద్దం దించింది.
చెట్లకింద ఎక్కడో నీళ్ళ చప్పుడు.
ఇన్నేళ్ళుగా ఈ దారిన పోతున్నాను,
ఆ నీళ్ళు నాకూ అప్పుడే వినబడ్డాయి.
"బాగుంది" అంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.
లోపల్లోపలే లాభం లెక్కేసుకున్నాను.

మధ్యాహ్నం రెండోది.
మొదటి మలుపులోనే గేరు పళ్ళు కొరికింది.
నాలుగో మలుపులో మూడనుకుని ఐదు వేసింది.
ఎనిమిదో మలుపు, ఆ చిన్న చెక్క చర్చి పక్కన,
ముందు సైకిళ్ళ గుంపు, వెనక పాల వ్యాను,
బండి మొరాయించి ఆగిపోయింది.
టాపు మీద వాన.
తర్వాత వెనక్కి. ఎంతో కాదు, జానెడు.
నా ప్రాణం మాత్రం బారెడు జారింది.
పాల వ్యానువాడు హారను మీద చెయ్యి తియ్యడు.
నేను హ్యాండ్ బ్రేకు అందుకోబోయాను.

"చెయ్యి తియ్యి, మతేవ్జ్."

మళ్ళీ తాళం తిప్పింది.
మోకాలు వణుకుతున్నది ప్యాంటు మీంచే తెలుస్తోంది.
క్లచ్చు వదులుతూ, ఇంకా వదులుతూ,
ఏ ముల్లూ చూపించని ఒకచోట
బండి ముక్కు వెంట్రుకవాసి లేచింది.
అక్కడ ఆపింది.
ముందుకూ కాదు, వెనక్కూ కాదు,
కొండ బరువంతా అరికాలి కింద పెట్టుకుని
స్వరం పట్టినట్టు పట్టింది.
హారను కూడా ఆగిందనుకుంటా.
వదిలింది. కదిలాం.

పైన, కరగని మంచు పక్కన గొర్రెలు.
మోకాలు రుద్దుకుంటూ టీ తాగింది.
"డాక్టరు దీనికి నాలుగేళ్ళిచ్చాడు."
ఆ తర్వాత?
"అప్పటికి నీ రెండో కారుంటుందా?"
ఉండదు. ఎవరో కొనేస్తారు.
"అలాంటిదైతే ఉంటుందిగా."
ఉంటుంది, అన్నాను. ఇకపై ఉండేవన్నీ అలాంటివే.

కాగితాల మీద సంతకం చేసి,
తాళం చెవి కోటు జేబులో కాదు, పిడికిట్లో పెట్టుకుని పోయింది.
తొమ్మిది వందలు పోయాయి నాకు.

ఆ రాత్రి నా కరెంటు వ్యానులో ఇంటికెళ్తున్నాను.
దానికి గేర్లే లేవు. చప్పుడూ లేదు.
ఎర్రదీపం దగ్గర ఆగి చూసుకుంటే
నా ఎడమ కాలు
లేని పెడలును తొక్కిపట్టి ఉంది.